ఫర్నేస్ ఆరని సమ్మె

మా ఫ్యాక్టరీలో సీసాలు తయారయ్యేవి. పచ్చళ్ళ సీసాలు, సాస్ సీసాలు, పాన్‌కేక్ మీద పోసుకునే సిరప్ సీసాలు. షెడ్డుకి ఉత్తరం కొసన ఫర్నేస్ ఉండేది. అందులో ఇసుక, సోడా, సున్నపురాయి, పగిలిన గాజు కలిసి కరిగి, నారింజరంగు ముద్దలుగా అచ్చుల్లోకి జారేవి. ఆ వైపుని హాట్ ఎండ్ అనేవాళ్ళు. అక్కడ తయారైన సీసాలు సొరంగంలాంటి పొడుగాటి పొయ్యిలో నెమ్మదిగా చల్లారుతూ గోడ దాటి మా వైపుకి వచ్చేవి. మాది కోల్డ్ ఎండ్. సీసాని లైటు ముందు తిప్పి, పగులుందా, బుడగుందా, కరగని రాయి ఏదైనా ఇరుక్కుందా అని చూసి పెట్టెల్లో సర్దడం మా పని.

హాట్ ఎండ్‌లో తొంభై ఆరుగురు, అందరూ తెల్లవాళ్ళు. తండ్రి నడిపిన మెషిన్‌నే కొడుకు నడిపేవాడు. అక్కడ ఉద్యోగం ఖాళీ అయితే ఆ కాగితం వాళ్ళ బ్రేక్ రూమ్ గోడకే అంటించేవాళ్ళు. ఆ గదిలోకి మమ్మల్ని రావద్దని ఎవరూ చెప్పలేదు. మేమూ ఎప్పుడూ వెళ్ళలేదు. మా వైపు పర్మనెంట్ వాళ్ళం అరవై ఒక్కమంది. నల్లవాళ్ళు, మెక్సికో వాళ్ళు, ముగ్గురు ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు, నేను. మేం కాక ఏజెన్సీ పంపేవాళ్ళు ఓ ఎనభై మంది. పని మాతో సమానమే. యూనియన్ లేదు, ఓటు లేదు.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో పాతికేళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. మా బావమరిది వేసిన గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పద్నాలుగేళ్ళకి చేతికొచ్చింది. యాభయ్యో ఏట అమెరికాలో అరోరా అనే ఈ ఊరికి వచ్చాం. మూడో ఏడు నా భార్య రాధారాణి పోయింది. మిగిలింది నేనూ, మా అమ్మాయి నైనికా. నైనికకి పేగుల జబ్బు. ఎనిమిది వారాలకోసారి ఆస్పత్రిలో కూర్చోబెట్టి చేతి నరంలోకి రెండు గంటలపాటు మందెక్కిస్తారు. అది పడితే పిల్ల మామూలు పిల్ల. కాలేజీకి వెళ్తుంది, నాతో పోట్లాడుతుంది, వద్దన్న ఆవకాయ తింటుంది. పడకపోతే రక్తం పోతుంది. ఆ మందు నా జీతంతో కొనగలిగేది కాదు, ఉద్యోగంతోపాటు ఇచ్చే ఇన్సూరెన్స్ మీద వచ్చేది. అందుకే కెమిస్ట్రీ లెక్చరర్ సీసాలు చూస్తున్నాడు.

కిందటేడు సెప్టెంబర్ మొదట్లో, ఇక్కడి లేబర్ డే మర్నాడు సమ్మె మొదలైంది. కోల్డ్ ఎండ్ మొత్తాన్ని బయటి కంపెనీకి అప్పగిస్తామని కొత్త ఒప్పందంలో రాశారు. హాట్ ఎండ్ వాళ్ళ పెన్షన్ కూడా తీసేస్తామన్నారు. రెండు వైపులా దెబ్బ తగిలేసరికి రెండు వైపులవాళ్ళమూ కలిసి బయటికొచ్చాం. అలా జరిగి ముప్ఫై ఏళ్ళయిందట.

యూనియన్ హాల్లో మొదటి మీటింగ్ ఒకే విషయం దగ్గర ఆగింది. ఫర్నేస్‌ని ఏం చెయ్యాలి?

గాజు ఫర్నేస్‌ని ఒకసారి వెలిగిస్తే పది పన్నెండేళ్ళు ఆరనివ్వరు. ఆరితే లోపలి గాజు గడ్డకట్టి ఇటుకలు పగిలిపోతాయి. మళ్ళీ కట్టడానికి నెలలు పడుతుంది. అందుకని సమ్మె రోజుల్లో కూడా హాట్ ఎండ్ వాళ్ళు షిఫ్టుకి నలుగురు చొప్పున లోపలికెళ్ళి మంట నిలబెడతారు. సీసాలు చెయ్యరు, మంట మాత్రం చూస్తారు. అది పాత ఆనవాయితీ.

యొలాండా లేచి నిలబడింది. మా లైన్ లీడ్ ఆమె. నల్లావిడ, కోల్డ్ ఎండ్‌లో ఇరవై రెండేళ్ళ సర్వీసు.

"ఆ నలుగుర్నీ కూడా బయటికి పిలవండి. మంట కంపెనీవాళ్ళనే చూసుకోమనండి. వాళ్ళకి చేతకాదు. మూడు రోజుల్లో మన కాళ్ళ దగ్గరికొస్తారు."

హాట్ ఎండ్ వాళ్ళు కూర్చున్న కుర్చీల్లో గోల లేచింది. "పిచ్చా నీకు? ఫర్నేస్ చస్తే ఫ్యాక్టరీ చస్తుంది!" అన్నాడెవరో.

"మీ ఫ్యాక్టరీ చస్తుంది. మాదెలాగూ చంపుతున్నారుగా," అంది యొలాండా.

అంతకు ముందురోజు గ్లెన్ నా దగ్గరికొచ్చాడు. గ్లెన్ హాట్ ఎండ్‌లో మెషిన్ ఆపరేటర్, కంపెనీతో మాట్లాడే కమిటీలో సభ్యుడు. జూలైలో నా కారు చెడిపోతే నైనికని తన ట్రక్కులో ఆస్పత్రికి తీసుకెళ్ళి, మందెక్కిన రెండు గంటలూ నా పక్కనే కూర్చున్న మనిషి. "ప్రొఫెసర్, నువ్వు మాట్లాడాలి," అన్నాడు. ఫ్యాక్టరీలో నా పేరు అదే. ఉమామహేశ్వరరావు ఎవరి నోటా తిరగలేదు. "మేం చెబితే మా స్వార్థం అంటారు. నువ్వు చెబితే వింటారు."

మాట్లాడాను. పదిహేను వందల డిగ్రీల దగ్గర గాజు ఎలా ప్రవర్తిస్తుందో పాతికేళ్ళు నల్లబల్ల మీద రాసినవాణ్ణి. దాన్ని కళ్ళతో చూసింది మాత్రం ఇక్కడికొచ్చాకే. మా ఇంట్లో దసరాకి కత్తిపీటకీ, సైకిలుకీ, నా కాలేజీ ల్యాబ్ తాళాలకీ కూడా బొట్టు పెట్టేవాళ్ళం. పనిముట్టుని చంపుదామనే మాట నాకు మింగుడు పడలేదు. ఫర్నేస్ పోతే ఈ ఊళ్ళో ఇంకెవరూ మళ్ళీ కట్టరని చెప్పాను. మంట మన చేతుల్లో ఉండటమే మన బలం అన్నాను. పది నిమిషాలు మాట్లాడాను. రెండు వైపులా చప్పట్లు కొట్టారు. మావాళ్ళు నా మొహం చూసి చేతులెత్తారు. ఆఖరికి యొలాండా కూడా ఎత్తింది.

బయటికొస్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు మంచివాడివి, ప్రొఫెసర్. నా భయమల్లా అదే."

*

ఫ్యాక్టరీకి రెండు గేట్లు. ఎవరూ చెప్పకుండానే హాట్ ఎండ్ వాళ్ళు ఉత్తరం గేటు దగ్గర నిలబడ్డారు, మేం దక్షిణం గేటు దగ్గర నిలబడ్డాం. మధ్య దూరం అర మైలు. పొద్దున్నే ఒకసారి నేను రెండు గేట్ల మధ్యా నడిచేవాణ్ణి, కబుర్లు మొయ్యడానికి. అటువైపు డోనట్లు, ఇటువైపు మొక్కజొన్నపిండిలో మాంసం పెట్టి ఉడికించే టమాలేలు. యొలాండా నా కోసం మాంసం వెయ్యని రాజ్మా వేరే గిన్నెలో తెచ్చేది. ఆ గిన్నె మూతకి టేపు అంటించి 'ప్రొఫెసర్' అని రాసేది.

మా గేటుకొచ్చిన ఒకే ఒక్క తెల్లవాడు కర్ట్. అరవై దగ్గరి వయసు. ముంజేతుల నిండా కాలిన మచ్చలు, టోపీ మీద జెండా. ఉత్తరం గేటు దగ్గర అతని మాజీ బావమరిది ఉన్నాడట, వాడి మొహం చూడలేక ఇటొచ్చాడు. మొదటిరోజే నాతో అన్నాడు: "నువ్వు మాట్లాడేది నాకు సగం అర్థం కాదు."

"మీరు మాట్లాడేది నాకు ముప్పాతిక అర్థం కాదు," అన్నాను.

నవ్వలేదు. కానీ రోజూ తెల్లవారగానే తన పికప్ ట్రక్కుని గేటు పక్కన అడ్డంగా పెట్టేవాడు. పక్కనున్న నది మీంచి వచ్చే గాలి ఆ ట్రక్కుకి కొట్టుకుని ఆగేది. దాని చాటున ఆడవాళ్ళు నిలబడేవారు. అతను మాత్రం గాలిలోనే నిలబడేవాడు.

మూడోరోజు భానుశ్రీ వచ్చింది. నిజామాబాద్ పిల్ల, ఏజెన్సీ మీద మా లైన్లో ప్యాకింగ్ చేసేది. ఆమె భర్త ట్రక్ నడుపుతాడు.

"అంకుల్, ఏజెన్సోళ్ళు ఫోన్ చేసిన్రు. రేపటిసంది లోపలికి రమ్మంటున్రు. వ్యాన్ పంపుతరంట. పైసలు ఎక్కువిస్తరంట."

"ఏం చేస్తారమ్మా?"

"ఏం చేస్తం? మీరంత గీడ నిలబడితే మీ ముందలికెల్లి ఎట్ల పోతం అంకుల్? మాకు మొకం లేదా?"

మర్నాడు వ్యాన్ ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది. ఆ తర్వాతి రోజు కూడా. ఎనభై మందిలో ఒక్కరూ ఎక్కలేదు. కొంతమంది మా పక్కనే వచ్చి నిలబడ్డారు.

"వీళ్ళిక్కడెందుకు? యూనియన్ కాదుగా," అన్నాడు కర్ట్.

"లోపలుండాలి ఈపాటికి, నీ కడుపు కొడుతూ. బయట నిలబడ్డారు. నచ్చలేదా?" అంది యొలాండా.

"సమ్మె భత్యం కూడా రాదుగా వీళ్ళకి."

"రాదు."

కర్ట్ నావైపు తిరిగి, ఏదో బాకీ గుర్తొచ్చినట్టు, "మా మేనల్లుడి కంప్యూటర్ ఉద్యోగం మీవాళ్ళే పట్టుకుపోయారు," అన్నాడు.

"గీయన ఏమంటుండు అంకుల్?" అని అడిగింది భానుశ్రీ.

"వాళ్ళ మేనల్లుడి ఉద్యోగం మనవాళ్ళు తీసుకున్నారట."

"మా ఆయన ట్రక్కు నడుపుతుండని చెప్పుండ్రి."

చెప్పాను. కర్ట్ ఆమె వైపు చూశాడు. "ట్రక్కులు కూడా వదల్లేదా!" అన్నాడు. యొలాండా పగలబడి నవ్వింది. కర్ట్ పెదవి చివర కూడా ఏదో కదిలినట్టు అనిపించింది నాకు.

కాలేజీ రోజుల్లో హాస్టల్ గదిలో రఘువీర్ అనే మిత్రుడితో పందేలు వేసుకుని వాదించేవాణ్ణి. అమెరికాలో తెల్ల కార్మికుడు ఎప్పటికైనా విప్లవం వైపు వస్తాడా రాడా అని. వాడు రాడనేవాడు. "వాడికి కారుంది, ఇల్లుంది, కింద చూడ్డానికి ఒక నల్లవాడున్నాడు. ఇంకేం కావాల్రా వాడికి?" అనేవాడు. నేను వస్తాడనేవాణ్ణి. ఇద్దరం అప్పటికి ఒక్క అమెరికావాణ్ణి కూడా చూసి ఎరగం. సెప్టెంబరంతా ఆ గేటు దగ్గర నిలబడి, రఘువీర్‌కి ఫోన్ చేసి నేనే గెలిచానని చెప్పాలనుకున్నాను. తొందరపడలేదు. అదొక్కటి మంచి పని చేశాను.

*

అక్టోబర్ ఒకటిన కంపెనీ మా ఇన్సూరెన్స్ ఆపేసింది. ఇంటికొచ్చిన ఉత్తరంలో రెండు వాక్యాలే. నైనిక తర్వాతి మందు ఇరవై నాలుగో తారీఖున పడాలి.

ప్రభుత్వ సాయానికి అప్లై చేశాను. లైబ్రరీలో పనిచేసే ఒకావిడ నా కాగితాలన్నీ వరసగా పెట్టి స్కాన్ చేసింది. ఫీజు తీసుకోలేదు. "ఇది నెమ్మదిగా జరుగుతుంది," అని ముందే చెప్పింది, నేను ఆశ పెట్టుకోకుండా. అదీ దయే.

ఇరవై నాలుగు వచ్చింది, వెళ్ళిపోయింది.

"నాన్నా, ఐ యామ్ ఫైన్. రెండు వారాలు డిలే అయితే ఏం కాదు," అంది నైనిక.

"డాక్టర్ అలా చెప్పిందా?"

"నేను చెప్తున్నా కదా."

నవంబర్ మొదటివారంలో బాత్రూంలో పంపు కట్టకుండా ఎక్కువసేపు ఉండటం మొదలుపెట్టింది. నాకు వినపడకూడదని. పంపు చప్పుడు మధ్యలో ఆగినప్పుడు మూలుగు వినపడేది. వారం తిరక్కుండా మంచం దిగలేకపోయింది. పన్నెండో తారీఖు మధ్యాహ్నం గ్లెన్‌కి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వచ్చాడు. నైనికని రెండు చేతుల మీదా ఎత్తి ట్రక్కులో కూర్చోబెట్టాడు, కింద మరక అయితే ఏమవుతుందని ఆలోచించకుండా.

ఎమర్జెన్సీలో సెలైన్ పెట్టారు, నొప్పికి మందిచ్చారు. అసలు మందు అక్కడ ఇవ్వరు. అది ఇన్సూరెన్స్ ఒప్పుకుంటేనే తెప్పిస్తారు. నర్సు వెచ్చబెట్టిన దుప్పట్లు రెండు తెచ్చింది. ఒకటి పిల్ల మీద కప్పి, రెండోది నా ఒళ్ళో పెట్టింది. "మీకూ చలిగా ఉంది," అంది.

నైనిక నిద్రపోయాక గ్లెన్ నన్ను బయటికి రమ్మన్నాడు. పార్కింగ్‌లో ట్రక్కెక్కి కూర్చున్నాం. ఇంజన్ ఆన్ చేసి హీటర్ నావైపు తిప్పాడు.

"రేపు కొత్త ఒప్పందం కాగితం బయటికొస్తుంది. మా పెన్షన్ తిరిగిస్తున్నారు. ఇన్సూరెన్స్ కూడా, ఓటు పాసయిన రోజునుంచే."

"కోల్డ్ ఎండ్?"

అతను వైపర్ల వంక చూశాడు. అవి కదలడం లేదు. "ఎనిమిది వారాల జీతమిచ్చి పంపేస్తారు. కొత్త కంపెనీకి అప్లై చేసుకోవచ్చు."

నేను హీటర్‌ని పక్కకి తిప్పాను.

"క్వాలిటీ ల్యాబ్‌లో ఒక పోస్టుంది. దాన్ని హాట్ ఎండ్ లిస్టులోకి వేయించాను. కెమిస్ట్రీ డిగ్రీ ఉన్నవాడికే అని రాయించాను. అలాంటివాడివి నువ్వొక్కడివే. అది లేకపోతే సంతకం పెట్టనన్నాను, ప్రొఫెసర్. టేబుల్ మీద కొట్టి చెప్పాను. నైనిక కోసం."

"అరవై మంది, గ్లెన్. ఏజెన్సీవాళ్ళతో కలిపితే నూట నలభై."

"తెలుసు." రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. "మా నాన్న ఆ మెషిన్ దగ్గరే ఊపిరి పోగొట్టుకున్నాడు. నాకు పెన్షన్‌కి ఇంకా నాలుగేళ్ళుంది. నూట నలభై మందిని నేను మొయ్యలేను. ఒకణ్ణి మొయ్యగలను." స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. "నువ్వు ఎటు ఓటేసినా ఆ పోస్టు నీదే. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"థాంక్యూ," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

*

ఆ శనివారం పొద్దున హాల్లో ఓటింగ్. బయట యొలాండా మమ్మల్ని అరవై మందినీ చుట్టూ నిలబెట్టుకుంది.

"ఒకళ్ళకొకళ్ళం చీటీ చూపించుకుని వేద్దాం. మనలోనే చీలిక వచ్చిందని రేపెవడూ అనకూడదు."

అందరూ చూపించారు. నేనూ చూపించాను. నాది నో. యొలాండా దాన్ని చూసి తల ఊపింది. నా మొహం చూడాల్సిన అవసరం ఆమెకి కనపడలేదు.

ఓటుకి ముందు యూనియన్ అధ్యక్షుడు కాగితం చదివాడు. ల్యాబ్ పోస్టు సంగతి ఎనిమిదో పేజీలో ఎక్కడో ఉంటుంది. అది చదవలేదు. హాట్ ఎండ్ వైపు చాలామంది చేతులు కట్టుకుని నేల చూస్తున్నారు. సంతోషంగా ఉన్నవాళ్ళలా లేరు. రెండున్నర నెలలు జీతాల్లేకుండా నిలబడ్డ మనుషులు. ఎవరైనా వచ్చి భుజం తడితే అటు తిరిగేలా ఉన్నారు, ఇటు తిరిగేలానూ ఉన్నారు.

"మాట్లాడేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు అధ్యక్షుడు.

యొలాండా మాట్లాడింది. ఇవాళ మమ్మల్ని అమ్మితే మూడేళ్ళ తర్వాత మిమ్మల్ని కొనడానికి వస్తారని చెప్పింది. తర్వాత కూర్చుని నావైపు తిరిగింది. ఆమెతోపాటు మావాళ్ళంతా తిరిగారు. హాట్ ఎండ్‌లో కూడా కొంతమంది తిరిగారు. సెప్టెంబర్లో చప్పట్లు కొట్టినవాళ్ళు.

నాకు చెప్పడానికి ఉంది. ఈ కాగితంలో నాకొక ఉద్యోగం దాచారు, నన్ను మీ నుంచి ఇలా విడదీశారు, మిమ్మల్నీ ఇలాగే విడదీస్తున్నారు అని చెప్పొచ్చు. రెండు నిమిషాలు చాలు. చెబితే ఆ ఉద్యోగం ఉండదు.

గొంతు బాగానే ఉంది. కాళ్ళూ బాగానే ఉన్నాయి. లేవలేదు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఎస్ ఎనభై మూడు, నో డెబ్భై నాలుగు.

మావాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. యొలాండా ఏడవలేదు. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. "మనం అరవై ఒకటి. అంటే పదమూడు మంది, ప్రొఫెసర్. వాళ్ళలో పదమూడు మంది మనతో వేశారు. ఇంకో ఐదుగురు ఇటొస్తే గెలిచేవాళ్ళం."

బయట గ్లెన్ నా కోసం ఆగాడు. "నేను ఎస్ వేశాను. నీకు నా నోటితోనే తెలియాలని," అన్నాడు. కళ్ళలోకి చూసి చెప్పాడు. అలా చూడటం నాకు చేతకాలేదు.

సోమవారానికి అచ్చులు బిగించారు. బుధవారానికి సీసాలు దిగుతున్నాయి. ఫర్నేస్ వేడిగానే ఉందిగా. అది ఆరి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. మూడు రోజుల్లో దిగొచ్చేవాళ్ళేమో, ఫ్యాక్టరీ మూసేసేవాళ్ళేమో. ఆరకుండా కాపాడింది మాత్రం నేను.

*

నవంబర్ చివర, థాంక్స్‌గివింగ్ పండక్కి రెండు రోజుల ముందు నైనికకి మందు పడింది. చుక్క చుక్కగా దిగుతుంటే దాని బుగ్గల్లోకి రంగు వస్తున్నట్టే అనిపించింది, అంత తొందరగా రాదని తెలిసినా.

"యొలాండా ఆంటీ వాళ్ళకి ఏమైంది నాన్నా?"

చెప్పాను.

"మరి నువ్వు లోపలికి వెళ్తున్నావా?"

"ఊఁ."

మందు సీసా వంక చూసింది. "నా వల్లేనా?"

"కాదమ్మా."

"నాన్నా, డోంట్ లై."

చెయ్యి మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. సూది ఉన్న చెయ్యి కాదు, రెండోది.

పండగ తర్వాతి సోమవారం ఉత్తరం గేటులోంచి లోపలికెళ్ళాను. ఆ గేటు దాటడం అదే మొదలు. దక్షిణం గేటు దగ్గర మావాళ్ళు వరసలో నిలబడి బ్యాడ్జీలు తిరిగిచ్చేస్తున్నారని తెలుసు. ల్యాబ్‌కి అటువైపు కిటికీ లేదు. పదింటికి ఫోన్ మోగింది.

"అంకుల్, గేటు కాడ మీరు కనవడలే. పానం మంచిగ లేదా?" భానుశ్రీ గొంతు.

"బాగానే ఉంది తల్లీ. నేను... లోపలున్నాను."

ఫోన్లో నది గాలి చప్పుడు.

"ఓ," అంది. "మంచిదే అంకుల్. నైనికకు సూది పడ్డదా?"

"పడింది."

"మంచిదే."

ఆ మాటలో కోపం కోసం వెతికాను. ఉంటే బాగుండేది.

*

హాట్ ఎండ్ వాళ్ళు నన్ను బాగా చూసుకున్నారు. బ్రేక్ రూమ్‌లో నాకొక కప్పు పెట్టారు. ఎవరో వాళ్ళావిడ గుడ్డు వెయ్యకుండా చేసిన కేక్ పంపింది. గ్లెన్ రోజూ నైనిక ఎలా ఉందని అడిగేవాడు. నేను ఒక్కొక్కళ్ళ మొహం చూసేవాణ్ణి. ఇతనా? ఇతనా? నవ్వుతూ పలకరించినవాళ్ళందరినీ మనసులో ఆ పదమూడుగురిలో చేర్చేవాణ్ణి. అప్పటికి ఇరవై మంది దాటేవారు.

కర్ట్ ఒక్కడే పలకరించలేదు. గంటకోసారి పరీక్షకి సీసాల ట్రే తెచ్చి, బల్లమీద పెట్టి వెళ్ళిపోయేవాడు. డిసెంబర్ రెండోవారంలో ఒకరోజు మధ్యాహ్నం ట్రే పెట్టి వెళ్ళకుండా తలుపు వేశాడు.

"ఈ ఉద్యోగం సంగతి నీకు ఓటుకి ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. "తెలుసు," అన్నాను.

టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను నో వేశాను."

నేను నోరు తెరిచేలోగా చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ కోసం కాదు. నువ్వంటే నాకు పెద్ద ఇష్టమేం లేదు. ఆ ఏజెన్సీ ఆడవాళ్ళున్నారే, వాళ్ళ కోసం. వాళ్ళు లోపలికెళ్ళొచ్చు. వెళ్ళలేదు. నా కళ్ళతో చూశాను. వాళ్ళు వెళ్ళనిది నేనెలా వెళ్తాననుకున్నాను." చుట్టూ చూశాడు. "వెళ్ళాను కూడా. ఇదిగో, ఇక్కడే ఉన్నాను."

"కర్ట్, మా అమ్మాయి..."

"అందరికీ తెలుసు. నాకూ ఒక కూతురుంది." గొంతు తగ్గించాడు. "ఆ రోజు నా పక్కన కూర్చున్నవాడు నీవైపే చూస్తున్నాడు. ఆ ముసలాయన లేస్తే నేనూ నో అంటాలే అన్నాడు. వాడి వెనక కూర్చున్నవాడూ అన్నాడు. నువ్వు లేవలేదు."

పక్కన మెషిన్లు సీసాలు దింపుతున్న చప్పుడు, ఒకే తాళంలో.

"సరే, అందుకు రాలేదు," అన్నాడు. "పదమూడు మందిమి. ఒకళ్ళనొకళ్ళం కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది. పోరి పోరి ఇంకో ముగ్గుర్ని ఒప్పించాం, ఇప్పుడు పదహారు. ఆదివారం మధ్యాహ్నం మా చర్చి కింద గదిలో కలుస్తున్నాం. గోడవతల వాళ్ళు కూడా రావాలి. వాళ్ళు లేకుండా మేం కూర్చుని చేసేదేం లేదు." ఆగాడు. "ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను ఈ షెడ్డులో. ఆ గోడకి అవతల ఒక్కళ్ళ ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. మాలో ఎవరి దగ్గరా లేదు."

నేను ఫోన్ తీశాను. రిపోర్టు కాగితం ఒకటి తిరగేసి రాయడం మొదలుపెట్టాను. యొలాండా. తర్వాత ఒక్కొక్కళ్ళు. కొన్ని పేర్లు రాస్తుంటే వాళ్ళు పెట్టెలు సర్దే తీరు కళ్ళకి కట్టింది. ఏజెన్సీవాళ్ళవి నా దగ్గరున్నవి తొమ్మిదే. అవీ రాశాను. అరగంట పట్టింది. కర్ట్ కూర్చోకుండా నిలబడ్డాడు.

కాగితం తీసుకుని చదివాడు. "ఈ పేరేంటి? బాను...?"

"భానుశ్రీ. ట్రక్కు డ్రైవర్ భార్య."

"భాను-శ్రీ." మళ్ళీ అన్నాడు. "భానుశ్రీ. సరేనా?"

"సరే."

మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆదివారం నేను రావచ్చా?" అని అడిగాను.

"నన్నడుగుతావేం? వాళ్ళనడుగు," అని వెళ్ళిపోయాడు.

ట్రేలో సీసాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. వాటిని అలాగే వదిలేసి యొలాండాకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. వెనకాల టీవీ, ఎవరో పిల్లల గోల.

"యొలాండా, నేను. ఓటు రోజు ఈ ఉద్యోగం సంగతి నాకు ముందే తెలుసు," అన్నాను. "నీకు చీటీ చూపించినప్పుడు కూడా తెలుసు."

వెనకాల టీవీ ఆగిపోయింది. పిల్లల్ని అవతలికి వెళ్ళమన్నట్టుంది, తలుపు మూసిన చప్పుడైంది. ఫోన్ పెట్టెయ్యలేదు.